పదకొండో వరస

ఆదివారం పేపర్లో వార్తలు కూడా ఉంటాయని
వాల్టర్ చెబితేనే నాకు తెలుసు.
నాకది కడుపుతో ఉన్న చేప.
కత్తెరతో పొట్ట చీల్చి
రంగురంగుల కరపత్రాలు బయటికి లాగి
మిగిలిన ముళ్లు ఆయన ముందుకు నెడతాను.

ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది.
వంటింటి బల్లమీద
సబ్బుపొడికి డెబ్బై అయిదు సెంట్లు తగ్గింపు,
టమాటా సాసు రెండు కొంటే ఒకటి ఉచితం.

ఇరవయ్యారేళ్లు స్కూలు బస్సు తోలాను.
ఏ పిల్ల ఏ మలుపులో దిగాలో
అద్దంలోకి చూడకుండానే చెప్పేదాన్ని.
ఆ జ్ఞాపకమంతా ఇప్పుడు
ఏ కూపను ఏ తారీకున చచ్చిపోతుందో
లెక్కపెట్టుకోవడానికి పనికొస్తోంది.

పొదుపు అంటాన్నేను.
జబ్బు అంటాడు వాల్టర్.
పూర్తిగా కొట్టిపారేయలేను.
నేలమాళిగలో పంతొమ్మిది మస్టర్డ్ సీసాలున్నాయి.
మా ఇంట్లో అది తినేవాడు మా తమ్ముడొక్కడే,
వాడు అరిజోనా వెళ్లి పదేళ్లయింది.
కానీ సీసా పదకొండు సెంట్లు!
పదకొండు సెంట్లకి వస్తుంటే
అక్కడే వదిలేసి రావడానికి
నీకైనా మనసొప్పుతుందా?

బుధవారం కూపను విలువ రెట్టింపు.
వెనక వరసలో వాళ్ల నిట్టూర్పులు
మెడమీద వెచ్చగా తగులుతుంటాయి.
తిరిగి చూడను.
ఓపల్ ఒక్కో కాగితం గీకుతుంటే
అంకె వెనక్కి నడుస్తుంది.
అరవై రెండు, యాభై ఒకటి, ముప్ఫై తొమ్మిది...
"ఈ వారం కూడా దోచేశావు, లోర్నా" అంటుంది ఓపల్.
నా వయసునీ ఒకసారి గీకమంటాను.

ఒక వారం
పసిపిల్లల పాలపొడి కూపన్లు రెండొచ్చాయి,
ఒక్కోటి అయిదు డాలర్లు.
మా ఇంట్లో పసివాళ్లు లేరు.
ఎప్పుడూ లేరు.
చింపడానికి చెయ్యి రాలేదు.
పదకొండో వరసలో
పాలడబ్బా కింద, కొస కనిపించేలా దోపి
ఏదో ఎత్తుకుపోతున్నదానిలా
గబగబా గుమ్మం దాటాను.

మళ్లీ బుధవారానికి అవి లేవు.
ఆ డబ్బా కిందే
పిల్లి తిండి కూపను ఒకటి.
మాకు పిల్లి కూడా లేదు.
అయినా సంచీలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత నేను డైపర్లవి పెట్టాను.
అటునుంచి
కట్టుడుపళ్ల జిగురుది వచ్చింది.
అంటే నన్ను చూశారన్నమాట!
అక్కడే నిలబడి, నోరు మూసుకుని నవ్వాను.

అప్పట్నుంచి ఆ వరసలో
ప్రతి మొహమూ అనుమానమే.
ఆసుపత్రి చాకిరేవు యూనిఫాంలో ఆ పిల్లా?
మెడమీద డేగ బొమ్మ పొడిపించుకుని
గుండెకి బిడ్డను కట్టుకు తిరిగే ఆ కుర్రాడా?
మనవరాలిని బండిలో కూర్చోబెట్టి
ధరలు పైకి చదివే ఆ ముసలాయనా?
అడగలేదు.
అడిగితే అది ధర్మమైపోతుంది,
ఇద్దరికీ తల వంగుతుంది.

ఒక్కటి మాత్రం గమనించాను.
అక్కడినుంచి వచ్చే ప్రతి కూపనూ
వేళ్లతో చింపింది.
అంచు వంకర,
ఒకసారి తారీకు మధ్యలోంచే చిరిగిపోయింది.

పోయిన వారం
చిన్న కత్తెర ఒకటి కొన్నాను,
మొద్దు మొనలది, పసిపిల్లలున్న ఇంటికి.
దానికి కూపను లేదు, తగ్గింపు లేదు.
నాలుగు డాలర్ల నలభై తొమ్మిది.
పూర్తి ధర.
"ఒంట్లో బాగానే ఉందా?" అంది ఓపల్.
తీసుకున్న మనిషిని ఎవరూ దొంగ అనకుండా
బిల్లు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి
డబ్బా వెనక దాచాను.

ఈ బుధవారం వెళ్లాను.
కత్తెర లేదు.
డబ్బా కింద కాగితం ముక్క,
నాలుగంచులూ
బస్సు రూటు మ్యాపులా తిన్నగా ఉన్నాయి.

మస్టర్డ్‌కి.

ఇరవయ్యో సీసా మెట్ల కింద పెట్టాను.
వాల్టర్‌కి చెప్పలేదు.